బొర్రాలోనే దిగమంటే?

విశాఖ నుంచి అరకు రైలెక్కిన వాళ్లను బొర్రా గుహల దగ్గరే ఆపి, మిగతా దారంతా ఫొటోల్లో చూపించి ‘అరకు వచ్చేసింది, దిగండి’ అంటే ఊరుకుంటారా? 2021లో జపాన్ యానిమే ‘ది ప్రామిస్డ్ నెవర్‌ల్యాండ్’ రెండో సీజన్ చేసిన నిర్వాకం అదే. దీనికి మూలమైన మాంగా (జపాన్ కామిక్స్) 20 సంపుటాలు. కథలోని పిల్లల్ని అనాథాశ్రమం గోడ దాటించడానికే మొదటి సీజన్ 12 భాగాలు తీసుకుంది. మిగిలిన కొండంత కథను 11 భాగాల్లో కుక్కేశారు. మాంగాలో ఉన్న, అభిమానులు కాచుకు కూర్చున్న గోల్డీ పాండ్ ఘట్టం గల్లంతు; ముగింపేమో కదలని బొమ్మల వరుస. చివరి రెండు భాగాలకు రచయిత పేరే వేయలేదు (మొహం చెల్లలేదేమో!).

భాగాలు తక్కువైతే పాపం వాళ్లేం చేస్తారంటారా? మొదటి సీజన్‌లా ఒక మజిలీలో ఆగితే సరిపోయేది. ‘మాంగా చదువుకోండి’ అన్న ఉచిత సలహా మరీ బాగుంది. ఎక్కువ తిట్టింది అది చదివినవాళ్లే!