పటములో ఖాళీ స్థలము

భూమిని వినియోగించు విద్య దానిపై పుట్టి పెరిగినవానికి దక్క తక్కినవారందరికిని, విశేషించి దానినొకమారు హెలికాప్టరు నుండి చూచినవారికి, కరతలామలకమని మన ప్రణాళికా రచయితల దృఢవిశ్వాసము. బస్తరు సీమలోని చింతలనార్ ఈ విశ్వాసమునకు పుణ్యక్షేత్రము. ఆ యూరు ఉన్నచోటనే యుండగా 1998లో బస్తరు జిల్లా పోయి దంతెవాడ, 2012లో దంతెవాడ పోయి సుక్మా వచ్చినవి. 2018లో సుక్మాకు ఆకాంక్షిత జిల్లా యను బిరుదమును లభించినది.

దోర్నపాల్ నుండి జగర్‌గుండకు పోవు 56 కిలోమీటర్ల రోడ్డు ఆ యూరిమీదుగనే సాగును. ఆ రోడ్డు పనికి కావలి కాయుచు 2017 ఏప్రిల్‌లో బుర్కాపాల్ చెంత 25 మంది సి.ఆర్.పి.ఎఫ్. జవానులు ప్రాణములు విడిచిరి. అంతకు మునుపు 2011 మార్చిలో, దాపుననున్న తాడ్‌మెట్ల, మోర్‌పల్లి, తిమ్మాపురములలో ఇండ్లు తగులబడినవి. ప్రణాళికా రచయితల పటములో అడవికి ఆకుపచ్చ, సేద్యమునకు పసుపు, నీటికి నీలము గలవు గాని కాలిన యింటిచోటునకు రంగు లేదు. ఆ లోపమును గూర్చి నేను హాస్యమాడజాలను.

ఇక ప్రణాళికలలో ‘వినియోగములో లేని’దనిపించుకొను అడవి సంగతి. వేసవి తొలినాళ్లలో తెలవారకమున్నే స్త్రీలును పిల్లలును బుట్టలు పట్టుకొని ఇప్పచెట్ల క్రిందికి పోవుదురు; ఊడ్చియుంచిన నేలమీద రాత్రి రాలిన పూవును, ఎండయెక్కి వాడకముందే, వంగినవారు వంగినట్లే యేరి తెచ్చి వాకిట నెండబెట్టుదురు. ఏ చెట్టు ఏ యింటిదో ఊరందరికిని తెలియును, పట్వారీకి దక్క. పిమ్మట తునికాకు: యాబదియాకులొక కట్ట, వేయి కట్టలొక బస్తా, ఈ లెక్కలో మాత్రము సర్కారు ఏనాడును పొరబడలేదు. వానకు మెట్టవరి, సామలు. చలికాలమున చేతిలో పనిలేక భద్రాచలము దారిపట్టి మన తెలుగు రైతుల చేలలో మిర్చి యేరుటకు పోవుదురు; సూక్ష్మముగా పరిశీలించినచో ఇదియే ప్రాంతీయాభివృద్ధి, కాకున్న అభివృద్ధి మన ప్రాంతమునకును, నడుమునొప్పి వారి ప్రాంతమునకును దక్కుచున్నది.

1996 నాటి పెసా చట్టము భూసేకరణకు ముందు గ్రామసభను గాని తగిన పంచాయతీని గాని సంప్రదింపుమన్నది. 2006 నాటి అటవీహక్కుల చట్టము అడవిపై ఊరికి సామూహికహక్కు గలదన్నది. సంప్రదించుట యనగా, ముందుగనే నిశ్చయించిన దానిని మర్యాదగా వినిపించుటయని అధికారులు గ్రహించినట్లున్నది.

జగదల్‌పూరు వైపున లోహండిగూడలో ఒక ప్రణాళిక చక్కగా పూర్తియైనది: 2005లో టాటావారి ఉక్కు కర్మాగారమునకు ఒప్పందము, పది గ్రామముల భూసేకరణ, 2016లో సంస్థ నిష్క్రమణము, 2019లో పొలములు మరల రైతులకు. ఉక్కు మాత్రము రాలేదు. స్వాధీనము చేసికొని అయిదేండ్లు వాడని భూమిని యజమానికి గాని సర్కారు భూబ్యాంకునకు గాని చేర్పవలెనని 2013 నాటి భూసేకరణ చట్టము చెప్పుచుండగా, మన ప్రణాళికా రచయితలు ఆ వాక్యమును వెనుకనుండి చదువుదురేమోయని నా యనుమానము.