మణికట్టు సూత్రం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

మా బావమరిది కర్రసాము చేస్తాడు. అమలాపురం దసరాలో చెడీ తాలింఖానా చూసినవాళ్లకి ఇంతకంటే పరిచయం అక్కర్లేదు. చూడనివాళ్ల కోసం చెబుతున్నాను: వాహనాల ముందు, డప్పుల మోతలో, పిల్లా పెద్దా కర్రలూ కత్తులూ తిప్పుకుంటూ వీధులు తిరిగే ఉత్సవం అది. ఈ ఏడు శ్రావణంలో, వానకి నానిన నేల మీద సాధన చేస్తూ మావాడు అడుగు మార్చబోయి జారాడు. పడేవాడు ఎవడైనా చెయ్యి చాపుతాడు. అరచెయ్యి నేలకి ఆనింది, ఒంటి బరువంతా దాని మీదికి వచ్చింది. ఆ తర్వాత జరిగిన కథంతా ఎముకల డాక్టరుగారి నోట ఒక్క సూత్రమై వెలువడింది. ఆపరేషన్ అయినాక, పక్క మంచం వైపు నడుస్తూ నడుస్తూ ఆయన సెలవిచ్చిన వాక్యం ఇది:

"వేళ్లు ఆడించండి, మణికట్టు ఆడించొద్దు, చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంచండి, కర్ర ముట్టుకోవద్దు, రెండు వారాలకి రండి."

గణాలు లేవు, యతి లేదు, కనుక ఇది గద్యం. మంగళాచరణం లేదే అని ఆక్షేపించకూడదు. అది కౌంటర్లో అడ్వాన్సు కట్టించుకున్నప్పుడే అయిపోయింది. వాక్యం చిన్నదే గాని ఇంటికొచ్చేసరికి తలకో అర్థమూ పుట్టుకొచ్చింది. బళ్లో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి నేనొక్కణ్ణే ఇంట్లో ఉన్నాను కాబట్టి వ్యాఖ్యానం నా నెత్తిన పడింది.

విషయ నిర్ణయం

సూత్రార్థానికి ముందు, విరిగిందేదో తేల్చాలి. మణికట్టులో చిన్న ఎముకలు 8, రెండు వరసల్లో ఉంటాయి. వాటిలో స్కాఫాయిడ్ అనేది రెండు వరసల్నీ కలుపుతూ కూర్చుంటుంది. ఎనిమిదింటిలోనూ ఎక్కువగా విరిగేది అదే. బొటనవేలు పైకెత్తి చాపితే దాని మొదట్లో ఒక గుంట పడుతుంది. ఆ గుంట అడుగున ఉంటుందీ ఎముక. దొరలు పూర్వం పొడుం అక్కడ పోసుకుని పీల్చేవారట, అందుకని వైద్యులు దానికి పొడుం డబ్బీ పేరే పెట్టారు. మేం రెండు వేళ్ల మధ్య పట్టు పడతాం గాని గుంటలో పోసుకోం. అయినా నశ్యం పీల్చే పండితుడిగా నాకు ఆ పేరు విన్నప్పుడు కాస్త ఛాతీ పొంగింది. డాక్టరుగారు ఆ గుంటలో వేలితో నొక్కగానే మావాడు "ఆయ్" అన్నాడు. కోనసీమలో ఆయ్ అంటే చిత్తమండీ అని వినయం. ఇది ఆ ఆయ్ కాదు.

పడ్డ కొత్తలో దీన్ని బెణుకే అన్నారు. ఇంత తేలిగ్గా దొరికేదాన్ని అలా ఎలా అన్నారు? ఎందుకంటే మొదటి ఎక్స్‌రేలో గీత కనబడలేదు. ఈ ఎముక స్వభావమే అంత. పగులు తొలిరోజుల్లో దాక్కుంటుంది. గుంటలో నొప్పి ఉంటే ఫిల్ము ఎలా ఉన్నా కట్టు వేసి, 10 నుంచి 14 రోజుల్లో మళ్లీ ఫొటో తీయడమో, ఎమ్మారై చేయించడమో పద్ధతి. ఈ లోపల సాక్ష్యం చెప్పగలిగింది నొప్పి ఒక్కటే. సాముగరిడీల వాళ్లకి గురువు చెప్పే తొలిపాఠమేమో నొప్పిని ఖాతరు చెయ్యొద్దని. ఉన్న ఒక్క సాక్షినీ అబద్ధాలకోరని బయటికి తోసెయ్యడం నేర్చినవాడి చెయ్యి కనుక, మావాడి చెయ్యి ఆ రోజుల్లో కర్ర పట్టుకునే ఉంది. బస్తా మోసేవాడికి ఇదే దెబ్బ తగిలితే మూడోనాడే డాక్టరు దగ్గర కూర్చునేవాడు. విద్య ఉండడం వల్ల వచ్చే నష్టాల్లో ఇదొకటి.

ఇక ఈ ఎముకకి నెత్తురు వచ్చే దారి తిరకాసు. చాలావరకు వేళ్ల వైపు కొసన లోపలికి దిగి, వెనక్కి ముంజేతి వైపు పారుతుంది. నడుం దగ్గర విరిగితే వెనకటి ముక్క కాలవ కింద శివారు చేనే. వంతు వస్తే నీళ్లు, లేకపోతే బీడు. అందుకే ముంజేతికి దగ్గరగా విరిగినకొద్దీ అతకడం ఆలస్యం, ఒక్కోసారి ఆ ముక్క చచ్చిపోవడం కూడా కద్దు. ఉత్త కట్టుతోనే అతికించాలంటే 10, 12 వారాలు పట్టవచ్చు.

దీనికి ఆస్ట్రేలియా సర్జన్ తిమోతి హెర్బర్ట్ ఒక మర కనిపెట్టి, 1984లో సహచరుడితో కలిసి వివరాలు ప్రకటించాడు. దానికి తల ఉండదు. రెండు కొసలకీ మరచుట్లు ఉంటాయి. ముందు కొస చుట్లు ఎడం, వెనక కొస చుట్లు దగ్గర. తిప్పినకొద్దీ ముందు ముక్క ఎక్కువ జరుగుతుంది, వెనక ముక్క తక్కువ జరుగుతుంది, రెండూ ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. తల లేదు కనుక మృదులాస్థి కింద పూర్తిగా మునిగి, మామూలుగా జీవితాంతం అక్కడే ఉండిపోతుంది. శిరస్సు లేనిది బిగించుట విరోధాభాసాలంకారం. ఇప్పుడు సన్న తీగ ముందు దూర్చి, దాని మీదుగా మర దింపుతారు. పైకి కనబడే గాటు గోరంత.

పూర్వపక్షం

ఆపరేషన్ మాట చెవిన పడగానే మా పెదమావయ్య పుత్తూరు కట్టు పక్షాన లేచాడు. ఆకు పసరు, గుడ్డు సొన, వెదురు బద్దలు. మద్రాసు నుంచి కూడా జనం వెళ్లి కట్టించుకుంటారు, మనకేం తక్కువ అని వాదం. ఎముక విరిగితే చెట్ల బెరడు బద్దలు వేసి కట్టమని సుశ్రుతుడే చెప్పాడు కనుక కట్టును నేను చులకన చెయ్యను. పైనుంచి తడిమితే తెలిసే ఎముకకి ఆ మాట చెల్లవచ్చు. ఫొటోకే దొరకని ఎముక చేతికి ఏం దొరుకుతుందన్నాను. పెదమావయ్య కాఫీ తాగి వెళ్లిపోయాడు.

రెండో వాది మా వీధి చివర సైకిల్ షాపతను. "కోడి రామమూర్తిగారు కాలు తీసేస్తుంటే మత్తు వద్దన్నారంట, ఈయన గోరంత గాటుకి చెయ్యంతా తిమ్మిరెక్కించుకున్నాడా?" అన్నాడు. ఏనుగును ఛాతీ మీద ఎక్కించుకున్న మహానుభావుడితో పోలిక తెచ్చాక సమాధానం ఉండదు. మావాడు కూడా చెప్పలేదు.

ప్రతిపదార్థ విచారం

"వేళ్లు ఆడించండి." కర్త మీరు, అధ్యాహారం. ఈ మీరులో రోగి ఒక్కడేనా, కుటుంబమంతానా? మా అత్తగారిది కుటుంబ పక్షం. ఆవిడ గంటకోసారి వచ్చి, కొడుకు వేళ్లు తనే పట్టుకుని ఒక్కొక్కటే వంచి చాపేది. ఇది అపవ్యాఖ్య. పక్కవాళ్లు కదిపితే కదిలేది వేలే, లోపలి కండరం కాదు. వాపు తియ్యాలన్నా, వేళ్లు బిగుసుకోకుండా ఉండాలన్నా, వాడి పిడికిలి వాడే ముడవాలి, వాడే విప్పాలి.

అసలు చిక్కు భోజనం దగ్గర వచ్చింది. విరిగింది కుడిచెయ్యి. ఎడంచేత్తో తినడానికి మా అత్తగారు ఒప్పుకోరు, చెంచాతో తినడానికి వాడు ఒప్పుకోడు. కట్టు అరచేతి మధ్య దాకానే ఉంది, వేళ్లు ఖాళీ, వాటిని ఆడించమని ఆజ్ఞ కూడా ఉంది. మరి ముద్ద కలపడం వేళ్ల పనా, మణికట్టు పనా? నేను పీట వాల్చుకుని ఎదురుగా కూర్చుని పరిశీలించాను. పప్పన్నం పూర్తిగా వేళ్ల పనే. కలిపేది నాలుగు వేళ్లు, లోపలికి తోసేది బొటనవేలు. నోటికెత్తేటప్పుడు మాత్రం మామూలు మనిషి మణికట్టు తిప్పుతాడు. మావాడు ఆ తిప్పుడు మోచేతికీ భుజానికీ అప్పగించి, తలే కాస్త ముందుకి వంచాడు. శాస్త్రసమ్మతం. ఆవకాయన్నం కూడా అలాగే గట్టెక్కింది, కాకపోతే నూనె కట్టు అంచుకి అంటి గుడ్డకి ఎర్రటి జరీ వేసింది. మజ్జిగన్నం దగ్గర శాస్త్రం ఆగిపోయింది. దోసిలి పట్టక, మణికట్టు వాల్చక మజ్జిగన్నం నోటికి పోదు. కనుక సూత్రం మజ్జిగ పర్యంతం విధి, తదుపరి నిషేధం. మజ్జిగ గ్లాసులో ఇవ్వబడింది. గుళ్లో తీర్థానికి కూడా ఇదే నిర్ణయం వర్తిస్తుంది. పూజారిగారు ఉద్ధరిణి నేరుగా నోటి మీద వంచి పుణ్యం కట్టుకున్నారు.

"మణికట్టు ఆడించొద్దు." కర్ర తిప్పేవాణ్ణి చూస్తే జబ్బలతో తిప్పుతున్నట్టుంటుంది. కాదు. కర్ర బరువు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వదులుగా ఊగుతుంది, మణికట్టు బొటనవేలి వైపు నుంచి వెనగ్గా ఎత్తి చిటికెనవేలి వైపు ముందుకి వాలుస్తుంది. ఆ ఏటవాలు కదలికలో రెండు వరసల ఎముకల పొత్తు కుదిర్చేది ఈ స్కాఫాయిడే. అంటే తాలింఖానా మొత్తం జీడిగింజంత ఎముక మీద ఆధారపడి ఉంది. సుశ్రుతుడు చెప్పిన 107 మర్మాల్లో మణిబంధం రుజాకరం. రుజాకరాలు 8: మణికట్లు రెండు, చీలమండలు రెండు, కూర్చశిరస్సులు నాలుగు. వీటి మీద దెబ్బ తగిలితే ప్రాణం పోదు, నొప్పి కూడా పోదు. ఎదుటివాడి చేతిలోంచి ఆయుధం జారాలంటే ఎక్కడ కొట్టాలో కర్రసామువాళ్లందరికీ తెలుసు. తమ చెయ్యి గురించి ఆ విషయం జ్ఞాపకం రాదు.

"చెయ్యి గుండె కంటే ఎత్తులో." మెడలోంచి జోలెకట్టు వేసుకుని తిరిగితే చాలనుకున్నారు అందరూ. జోలెలో చెయ్యి పొట్ట మీద ఉంటుంది, గుండె పొట్టలో లేదు. వాపు దిగాలంటే పడుకుని రెండు దిళ్ల మీద పెట్టాలి. మత్తు దిగని పూట వాడు కుడిచేతిని ఎడంచేత్తో ఎత్తి, ఇది నాదేనా అని వదిలి చూశాడు. అది వచ్చి ముక్కు మీద పడింది. వాడిదే.

"కర్ర ముట్టుకోవద్దు." ఇక్కడ కర్ర ఉపలక్షణం. బిందె, మోటారుసైకిల్ హ్యాండిల్, గ్యాస్ బండ, కుర్చీలోంచి అరచెయ్యి ఆనించి లేవడం, అన్నీ ఈ కర్రలోకే వస్తాయి. పొగాకు ఎముక అతుకును ఆలస్యం చేస్తుంది కనుక చుట్ట కూడా కర్రే. పొడుం సంగతి నేను అడగలేదు.

ఎడంచేత్తో తిప్పవచ్చునా అని మావాడి ప్రశ్న. గురువుగారు తీర్పు చెప్పారు: "చెయ్యి లేకపోతే పోయింది, అడుగులున్నాయిగా. నీ అడుగులు ముందునుంచీ బాగోలేవు." పడింది అడుగు మార్చబోయే కదా. ఆ నెలంతా వాడు ఖాళీ చేతులతో అడుగులు వేశాడు. పెద్దాయన అరుగు మీద కూర్చుని మడమ ఎత్తిన ప్రతిసారీ కేకేశాడు. నన్నడిగితే మొత్తం చికిత్సలో మరకి సమానమైన మందు ఇదే.

"రెండు వారాలకి రండి." రెండు వారాలకి నయమవుతుందని దీనికి పామరార్థం. రమ్మన్నది కుట్లు విప్పడానికి. ఎముక పాకంలో పడిందో లేదో ఆనక ఫొటోలూ, సందేహముంటే సీటీ స్కానూ చెబుతాయి. దెబ్బలాట విద్యలకి మళ్లీ దిగడం సుమారు మూడు నెలల మాట. భాద్రపదంలో మర దించుకున్నవాడు ఆశ్వయుజంలో దసరా గురించి అడిగితే డాక్టరుగారు జవాబివ్వకుండా తరవాతి పేషెంటుని పిలిచారు. మౌనం కూడా భాష్యమే. ఆ దసరాకి మావాడు కర్ర లేకుండా, జనాన్ని వెనక్కి జరుపుతూ నడిచాడు. డప్పు ఊపందుకున్నప్పుడల్లా కట్టులోంచి వేళ్లు వాటంతటవే ఆడాయి. సూత్రంలో మొదటి పాదం అంత నిష్ఠగా అంతకుముందెప్పుడూ పాటించలేదు.

పరిశిష్టం

కట్టు పూర్తిగా తీసినప్పుడు బయటపడ్డ చెయ్యి పాలిపోయి, పొలుసులు లేచి, ముంజెయ్యి ఎడందానికంటే సన్నబడి ఉంది. ఫిజియోథెరపిస్టు అమ్మాయి ముంజేతిని బల్ల మీద పెట్టించి, అరచెయ్యి అంచు నుంచి వేలాడదీసి, పైకి ఎత్తమంది. కిందికి వాలింది. పైకి సగం దాకా వచ్చి ఆగింది. వీధంతా మంట కర్ర తిప్పినవాడు ఒట్టి అరచెయ్యి ఎత్తలేక నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. "నొప్పి ఎంతుందండీ?" అని అడిగిందా అమ్మాయి. అలవాటు కొద్దీ లేదన్నాడు. "లేకపోతే నాకు లెక్క తెలీదండి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి" అంది. గురువుగారు చెప్పిన తొలిపాఠానికి ఆ పిల్ల చేసిన సవరణ ఇది, నేను అంగీకరిస్తున్నాను. తర్వాత స్పాంజి బంతి, తడిగుడ్డ పిండడం, ఆ తర్వాత బెత్తెడు తక్కువ గజం వెదురు ముక్క. దండీలు అన్నిటికంటే ఆఖర్న. అరచెయ్యి నేలకానించి ఒంటి బరువు మోపడమంటే, విరిగిన భంగిమలోకే మళ్లీ వెళ్లడం.

ఫలశ్రుతి

ఈ టీకాను త్రిసంధ్యల్లో పారాయణ చేసినా ఎముక అతకదు. చెయ్యి ఆనించి పడ్డవాళ్లు, బొటనవేలి మొదట గుంటలో నొప్పి ఉన్నవాళ్లు, వీరులైనా సరే, ఫొటో తీయించుకోండి. అందులో ఏమీ లేదన్నా నొప్పి తగ్గకపోతే రెండు వారాల లోపల మళ్లీ తీయించుకోండి.