బెర్నియేర్ ఒడ్డు నుంచి క్లేసీ దాకా: ఒక మడత సైకిల్ ఆత్మకథ

పారాట్రూపర్ సైకిల్ అంటే విమానం నుంచి పారాచూట్‌తో జారవిడవడానికి తయారుచేసిన మడత సైకిల్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942 నుంచి 1945 దాకా, ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో బీఎస్‌ఏ కంపెనీ ఇలాంటివి సుమారు 70 వేలు చేసింది. ఇక్కడ తన కథ చెప్పుకుంటున్న ఈ సైకిల్ వాటిలో ఒకటి. బీఎస్‌ఏ అన్న పేరు తెలుగువాళ్లకు కొత్త కాదు. చెన్నై దగ్గర అంబత్తూరు నుంచి వచ్చిన బీఎస్‌ఏ ఎస్‌ఎల్‌ఆర్ తొక్కుకుంటూ కాలేజీకి వెళ్లినవాళ్లు ఊరూరా ఉన్నారు. వాటికి మడత లేదు. ఈ సైకిల్‌కు ఉంది. దాని గర్వమూ, దాని కష్టమూ ఆ మడతలోనే ఉన్నాయి.

ఫ్రేములో రెండు వంపు గొట్టాలు, వాటి మధ్యలో పైనొకటి కిందొకటి బందులు, ఒక్కో బందుకు స్పానర్ లేకుండా వేళ్లతోనే తిప్పి బిగించే రెక్కల నట్టు. పెడళ్లకు పాదం ఆనే పలక ఉండదు, ఉత్త ఇనుప కడ్డీలే. వాటిని లోపలికి తోసేస్తే సైకిల్ పలచగా ముడుచుకుంటుంది. పారాచూట్ కట్టేటప్పుడు దాన్ని తలకిందులు చేసి, సీటూ హ్యాండిలూ ముందుగా నేలకు తగిలేలా వేలాడదీసేవారు. సీటు వంగినా బండి నడుస్తుంది, చక్రం వంగితే నడవదు. అంత ఆలోచించి చేసిన బండికి ఆకాశం నుంచి దిగే యోగం మాత్రం పట్టలేదు. జీపులను మోసుకెళ్లే గ్లైడర్లు రావడంతో సైకిళ్ల అవసరం తగ్గింది. చాలావాటిని ఓడల్లో పంపారు. ఈ సైకిల్ కూడా ఇంగ్లిష్ చానల్ దాటింది ఓడలోనే.

1944 జూన్ 6న ఉత్తర ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో మిత్రరాజ్యాల సేనలు దిగాయి. బెర్నియేర్‌ సుర్‌ మేర్ అనే ఊరి ఒడ్డు కెనడా దళాల వంతు. పొద్దున దిగినవాళ్లు ఇసుకలో పోరాడి దారి చేశారు. మధ్యాహ్నానికి కాస్త ముందు వాళ్ల వెనక 9వ కెనడియన్ పదాతి బ్రిగేడ్ దిగింది, సైకిళ్లతో సహా. తీరం నుంచి లోపలికి, కాన్ నగరం వైపు వేగంగా సాగిపోవాలన్నది ఆలోచన. ఆ ఒడ్డు ఫొటోల్లో ఈ సైకిళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. ఓడ ముందు నిటారుగా వాలిన ఇరుకు మెట్ల మీద, వీపున మూట, చేతిలో తుపాకి, ఆపైన సైకిల్ మోస్తూ దిగుతున్న కుర్రాళ్లు. నీళ్లలో అడుగు జారితే ముందు వదిలేయాలనిపించేది సైకిల్‌నే. ఈ సైకిల్‌ను మోసినవాడు మాత్రం అప్పుడు వదల్లేదు.

వదిలింది తర్వాత. బెర్నియేర్ వీధులు ఇరుకు. టాంకులు, లారీలు, బెదిరిపోయిన జనం, ముందుకు కదలని వరస. ఊరు దాటాక బేనీ అనే ఊరి వైపు పొలాల దారిలో ఎక్కడి నుంచో తుపాకి పేలితే సైకిల్ మీద కూర్చున్నవాడే మంచి గురి. అందరితోపాటు అతనూ పక్క గట్టు మీది పొదల్లోకి దూకాడు. కాసేపటికి లేచి, నడుం వంచి, నడిచి వెళ్లిపోయాడు. వెనక్కి చూడలేదు. ఈ సైకిల్ ముందు చక్రం గాలిలో తిరుగుతూ తిరుగుతూ ఆగింది. ఆ ఒక్క రోజు పని కోసం పుట్టిన వస్తువు పనిలోకి దిగిన పూటే పక్కకు పడింది. దారి పొడవునా అలా పడినవి ఇంకా ఉన్నాయి. ఆ కుర్రాడి మీద ఈ సైకిల్‌కు కోపం చాలాకాలం ఉండేది. రెవియే ఊరి దగ్గర కెనడా సైనికుల శ్మశానంలో రెండు వేలకు పైగా తెల్లరాళ్లున్నాయని తెలిశాక ఆ కోపాన్ని ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు.

యుద్ధం దాటి వెళ్లాక రైతులు పొలాల్లో దొరికినవన్నీ ఏరుకున్నారు. పెట్రోలు డబ్బాలు నీటితొట్లయ్యాయి, పారాచూట్ పట్టు జాకెట్లయింది, సైకిళ్లు సైకిళ్లుగానే బతికాయి. ఈ సైకిల్‌ను ఒక రైతు భార్య ఇంటికి నడిపించుకెళ్లింది. పాల డబ్బాలు, రొట్టెలు, ఒక్కోసారి క్యారియర్ మీద పిల్లవాడు. సైన్యం ఇచ్చిన రంగు మీద ఆమె నల్లరంగు పూసింది. పై బందు రెక్కల నట్టు ఎప్పుడో రాలిపోతే ఇంట్లో ఉన్న ఇనుప తీగ తెచ్చి నాలుగు చుట్లు చుట్టింది. మడతకు పుట్టిన బండికి మడత అలా మూసుకుపోయింది. అయినా ఆ ఇంట్లో ఈ సైకిల్‌కు లోటు జరగలేదు. చైన్‌కు నూనె పడేది, వాన వస్తే చూరు కిందికి చేరేది. సంతకు వెళ్లిరావడమన్న చిన్న పనిలో రోజూ తన అవసరం ఉండేది.

తర్వాత మోపెడ్లు వచ్చాయి, ఆ వెనకే చిన్న కార్లు. పిల్లవాడు పెద్దవాడై పట్నం పోయాడు. ఎవరూ పారేయలేదు, పారేసి ఉంటే అదొక ముగింపు అయ్యేది. ఆపిల్ రసం తీసే కొట్టంలో గోడకు ఆనించి, రేపు చూద్దామన్నారు. దాని మీద గోనెసంచి పడింది, సంచి మీద బుట్టలు, బుట్టల మీద విరిగిన నిచ్చెన. టైర్లు ముందు మెత్తబడి, తర్వాత బీటలిచ్చి, చివరికి పొడిగా రాలాయి. రిమ్ములు నేలతేమకు తినుకుపోయాయి. సీటు తోలు కింద ఎలుక గూడు పెట్టి, లోపలి పీచు లాక్కుని పిల్లల కింద పరిచింది. కోళ్లు హ్యాండిల్ మీద రాత్రుళ్లు గడిపేవి. ఏటా శరత్కాలంలో ఆపిళ్లు కొట్టంలోకి వచ్చేవి, మనుషులూ వచ్చేవారు, పక్కనే నిలబడి మాట్లాడుకునేవారు. ఒక్కరూ బుట్టలు తొలగించి చూడలేదు. ఊళ్లో జూన్ 6 సంబరాలకు జెండాలు కట్టేవారు, పాత సైనికులు విదేశాల నుంచి వచ్చి కన్నీళ్లు పెట్టుకునేవారు. వాళ్ల కోసం మ్యూజియాలు లేచాయి. ఆ రోజు ఒడ్డున దిగిన వస్తువు ఒకటి అదే ఊరి కొట్టంలో కోళ్లరెట్ట కింద ఉందని ఎవరికీ తట్టలేదు. మర్చిపోవడం పారేయడం కన్నా నెమ్మదిగా కోస్తుంది.

ఇల్లు అమ్మేటప్పుడు కొట్టం ఖాళీ చేశారు. పాత సామాన్ల అమ్మకంలో తుప్పు ఇనుము ధరకు దీన్ని కొన్న మనిషి రెండు గొట్టాల వంపు చూసి ఆగాడు. ఇంటికి తీసుకెళ్లి ఇనుప తీగ విప్పాడు. దాని కింద తుప్పు పట్టని వేలెడు జాగాలో పాత సైనిక ఆకుపచ్చ అలాగే ఉంది. కొత్త రంగును దానికి సరిపోల్చి వేశాడు. రిమ్ములు మార్చాడు, రెక్కల నట్టు పాత సామాన్లవాళ్ల దగ్గర వెతికి తెచ్చాడు, ఉత్త కడ్డీ పెడళ్లను మాత్రం అలాగే ఉంచాడు. గాజు పెట్టెలో పెట్టకుండా తొక్కుతున్నందుకు ఈ సైకిల్ అతనికి రుణపడి ఉంది. ఆ తొక్కుడులో దానికి బాగా నచ్చిన దారి సముద్రం దగ్గర విస్ట్రామ్‌లో మొదలై, దక్షిణాన ఓర్న్ నది వెంట క్లేసీ దాకా పోతుంది. ఒక రోజులో సైకిల్, కయాక్, యుద్ధచరిత్ర మూడూ ఆ దారిలో ఉన్నాయి.

విస్ట్రామ్ నుంచి కాన్‌కు కాలువ గట్టున సుమారు 15 కిలోమీటర్లు, ఎత్తుపల్లాలు లేని సైకిల్ బాట. కాలువకు సమాంతరంగా, బెనూవిల్ దగ్గర అరకిలోమీటరు ఎడంలో ఓర్న్ నది పారుతుంది. 1944లో మిత్రరాజ్యాల సేనలకు ఒకదాని మీద వంతెన తీసుకుంటే చాలదు, రెండూ కావాలి. ఈ నదికి తూర్పున దిగే బ్రిటిష్ 6వ ఎయిర్‌బార్న్ డివిజన్‌కు సముద్రతీరంతో సంబంధం ఆ రెండు వంతెనల మీదుగానే. అవి జర్మన్ల చేతిలో ఉంటే అటు దిగినవాళ్లు వెనకదారి లేకుండా చిక్కుకుంటారు. జూన్ 6 మొదలైన అర్ధరాత్రి 12 గంటల 16 నిమిషాలకు మేజర్ జాన్ హోవర్డ్ మనుషులతో మొదటి చెక్క గ్లైడర్ కాలువ వంతెనకు 50 మీటర్ల లోపే దిగింది. ఇంజన్ లేని విమానం చీకట్లో అంత దగ్గరగా దిగడం ఆ రాత్రి జరిగిన పనుల్లోకెల్లా గొప్పది. పది నిమిషాల్లో వంతెన చేతికొచ్చింది. ఆ డివిజన్ చిహ్నమైన రెక్కల గుర్రం పేరుతో అది పెగాసస్ వంతెన అయింది. అసలు వంతెనను 1994లో తీసేసి కొత్తది కట్టారు. పాతది ఇప్పుడు పక్కనే రాన్‌విల్‌లోని మ్యూజియం ఆవరణలో, కింద నీళ్లు లేకుండా గడ్డిలో నిలబడి ఉంది.

జూన్ 6 మధ్యాహ్నం బ్రిటిష్ అధికారి లార్డ్ లొవాట్ కమాండోలు తీరం నుంచి ఇక్కడికి చేరారు. వాళ్లలో కొందరు వచ్చింది మడత సైకిళ్ల మీదే. తన తోటివి చేరిన చోటికి ఈ సైకిల్ చేరింది దశాబ్దాల తర్వాత. వంతెన మీద యజమాని దిగి నడిపిస్తాడు, ఆ కాసేపు దానికి ఎంతో గౌరవంగా ఉంటుంది.

కాన్‌ను తొలిరోజే పట్టుకోవాలనుకున్నారు. పట్టింది ఆరు వారాలు. ఉత్తర భాగం జూలై 9న, నదికి అవతలి భాగం జూలై 19న విడుదలయ్యాయి. మధ్యలో బాంబులు ఊరిని కూల్చాయి, దాదాపు రెండు వేలమంది పౌరులు చనిపోయారు. ఊరు దాటగానే ఓర్న్ ఒడ్డున ఫ్లరీ దగ్గర సున్నపురాతి గనులున్నాయి. ఈ గనుల సీమ రాయే లండన్ టవర్ కట్టడానికి సముద్రం దాటింది. 1944 వేసవిలో వేలమంది జనం ఆ గనుల చీకట్లో పిల్లాజెల్లాతో తలదాచుకున్నారు. యుద్ధచరిత్ర చూడ్డానికి వచ్చేవాళ్లు టాంకుల దగ్గర ఆగినంతసేపు ఇక్కడ ఆగరు. ఆగాలి.

ఫ్లరీ తర్వాత చదును నేల ముగుస్తుంది. లోయ ఇరుకవుతుంది, రెండు పక్కలా కొండలు లేస్తాయి, కొంతమేర బాట పాత రైలు దారి మీద సాగుతుంది. రైలు దారి కనుక ఎక్కుడు తెలియకుండా ఎక్కిస్తుంది. గ్రింబోస్క్ అడవి దగ్గర నది మెల్లగా, పాలు కలిసిన టీ రంగులో పారుతుంది. ఆగస్టు 6 రాత్రి బ్రిటిష్ 59వ డివిజన్ సైనికులు ఇక్కడే లోతు తక్కువ చోట నీళ్లలోకి దిగి అవతలికి నడిచారు. ఒడ్డు ఎక్కాక జర్మన్ టాంకులు వాళ్లను మళ్లీ నీళ్లలోకి తోసేయాలని చూశాయి. గాయపడి కూడా కెప్టెన్ డేవిడ్ జేమీసన్ తన కంపెనీతో ఆ కాస్త నేలనూ వదల్లేదు; విక్టోరియా క్రాస్ శౌర్యపతకం పొందాడు. అదే నెలలో ఆ డివిజన్‌ను రద్దు చేసి మిగిలినవాళ్లను వేరే దళాలకు సర్దారు, మనుషులు చాలక. పని అయ్యాక విడదీసి పంచడమంటే ఏమిటో ఈ సైకిల్‌కు తెలుసు. ఇంకాస్త ముందు త్యురీ ఆర్కూర్‌లో ఆర్కూర్ ప్రభువుల కోట ఉంది. వెనక్కి తగ్గుతూ జర్మన్లు తగలబెట్టిన ఆ కోటకు ఇప్పుడు మిగిలింది గోడలూ తోటా.

క్లేసీలో సైకిల్ పని ఆగి పడవ పని మొదలవుతుంది. నది ఒడ్డునే కయాక్‌లు అద్దెకిస్తారు. లైఫ్ జాకెట్ బెల్టులు బిగించి చూస్తారు, తెడ్డు ఎలా పట్టాలో చూపిస్తారు. ప్లాస్టిక్ కయాక్‌లో కాళ్లు చాపుకుని కూర్చుని, రెండు చివర్లా పలక ఉన్న తెడ్డుతో ఒకసారి కుడి, ఒకసారి ఎడమ. తెడ్డును దగ్గరికి లాగేకంటే నడుము తిప్పి తోస్తే చేతులు నొప్పెట్టవు. పాత రైలు వంతెన రాతి కమానుల కిందుగా, కొండచరియల నీడలో నీరు నెమ్మదిగా తీసుకుపోతుంది. పాత మరల చిన్న ఆనకట్టలు అడ్డొచ్చిన చోట దిగి, కయాక్‌ను గడ్డి మీద ఈడ్చుకెళ్లి అవతల వేసుకోవాలి. ఆ బురద ఒడ్డున కాలు జారి, చేతిలోది వదలకుండా నిలదొక్కుకున్నప్పుడే, ఇదే నదిని మూటా తుపాకీలతో రాత్రిపూట దాటడం ఎంత పనో ఒంటికి తెలుస్తుంది. పుస్తకంలో నది ఒక గీత. ఇక్కడ అది చల్లటి నీళ్లు, జారే రాయి, నిటారు గట్టు. ఆ గట్టును ఆరున్నర అడుగుల మనిషైనా చేతులు ఆనించకుండా ఎక్కలేడు.

కయాక్ నీళ్లలో ఉన్న రెండు గంటలూ ఈ సైకిల్ ఒడ్డున చెట్టుకు ఆని ఉంటుంది. గొలుసు వేసి, తాళం లాగి చూసి మరీ వెళ్తాడు యజమాని. పిల్లలు వచ్చి రెక్కల నట్లు తిప్పబోతారు, పెద్దలు గదమాయిస్తారు. పొదల్లో పడి ఉండటానికీ, ఎవరైనా తిరిగొస్తారని తెలిసి నిలబడి ఉండటానికీ ఎంత తేడానో ఈ సైకిల్‌కు తెలిసినంతగా కయాక్ నుంచి తడిగుడ్డలతో ఎక్కొచ్చే మనిషికి తెలియదు.

తిరుగు ప్రయాణం ఓపికను బట్టి. కాళ్లలో బలం ఉంటే నది వాలు వెంట కాన్ దాకా తొక్కొచ్చు. లేకపోతే కారు తెచ్చిన స్నేహితులెవరైనా ఉండాలి. యజమాని ఎక్కువగా రెండోదే చేస్తాడు. రెండు నట్లు వదులు చేసి, పెడల్ కడ్డీలు లోపలికి తోసి, హ్యాండిల్ తిప్పి ఫ్రేము మడుస్తాడు. చైన్ కింద పాత దుప్పటి పరిచి కారు వెనక పెడతాడు. ఇంటికి చేరాక బందుల్లోని నది ఇసుకను బ్రష్‌తో దులిపి, ఒక్కోదానికి రెండు చుక్కల నూనె వేస్తాడు.