ఇత్తడి కిరీటం

రెండు కిలోల ఆరు వందల గ్రాములు. చేసి ముగించిన రోజు కిరాణా అంగడికి తీసుకుపోయి కాటాలో పెట్టి తూయించాను. చుట్టూ నలుగురు చేరి చూస్తుంటే నాకు గర్వంతో ఒళ్లు పొంగింది. 1998 ఎండాకాలం అది. సూళ్లూరుపేటలో కుట్టుమిషను పెట్టుకుని అప్పటికి ఆరేళ్లు. రవికలు, స్కూలు పిల్లల యూనిఫాంలు కుడితే వచ్చేది కూటికి. నాటకాల డ్రస్సులు కుట్టేది మాత్రం నా పిచ్చి. ఆ కిరీటం మా మామ తల కోసం చేశాను. సొంత మేనమామ కాదు, వరస పిలుపు. పక్క ఊళ్లో భారతం పెడితే దుర్యోధనుడి వేషం ఆయనదే. ఆయన అడగలేదు. నేనే చేసి ఇచ్చాను.

ఆ రాత్రి ఏం జరిగిందో ఇన్నేళ్లూ ఎవరికీ నోరు విప్పి చెప్పలేదు. చెప్పకపోవడం కూడా తప్పేనని ఈ మధ్యనే తెలిసింది.

ద్రౌపదమ్మ గుడి ఉండే ఊళ్లలో మా వైపు, చిత్తూరు వైపు, ఎండాకాలం భారతం పెడతారు. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. అర్జునుడు తపసు మాను ఎక్కే రోజున, బిడ్డలు లేని ఆడవాళ్లు తడి బట్టలతో మాను కింద కొంగు పట్టుకుని కూర్చుంటారు, పైనుంచి పడే నిమ్మకాయ కోసం. ఆఖరి రోజున మట్టితో చేసి నేల మీద పడుకోబెట్టిన దుర్యోధనుడి తొడ భీముడు విరగ్గొడతాడు. ఆ సాయంత్రం అగ్నిగుండం. వేషగాళ్లు ఆ రోజులన్నీ ఒక పూట తిని, నేల మీద పడుకుని, నియమంగా ఉంటారు. ఇదంతా చిన్నప్పటి నుంచి చూసినవాణ్ని. అయినా నా కళ్లలో మెదిలింది వేరే.

1977 సంక్రాంతికి ‘దాన వీర శూర కర్ణ’ వచ్చింది. ఎన్టీ రామారావు గారే దర్శకుడు, కర్ణుడు, కృష్ణుడు, దుర్యోధనుడు కూడా. మా వైపు టూరింగ్ టాకీసుకు వచ్చేసరికి ఆలస్యమైంది, రీళ్లు గీతలు పడ్డాయి. అయినా ఆ దుర్యోధనుడు నడిచి వస్తుంటే కిరీటం అంచు మీద వెలుగు కదిలిన తీరు నాకు ఇప్పటికీ కనబడుతుంది. కథ మీద నా ధ్యాస లేదు. నగలు ఎట్లా కట్టారు, భుజకీర్తులు ఎక్కడ తగిలించారు, నడుస్తుంటే బట్ట అంచు ఎందుకు ముడతపడదు, ఇదే చూస్తూ ఉండిపోయాను. ఆరుసార్లు చూశాను. పలక మీద, నోట్‌బుక్కు వెనక అట్ట మీద ఆ కిరీటం బొమ్మ గీసుకుంటూ పెరిగాను.

దాంతో మా ఊళ్ల వీధి నాటకం సామాను నాకు చిన్నచూపయింది. తేలిక కొయ్య చెక్కి, దాని మీద బంగారు కాగితం అతికించి, అద్దం బిళ్లలు పొదిగిన కిరీటాలు అవి. దగ్గరికి పోతే కాగితం అతుకులు కనబడేవి. ఇది అబద్ధం, మనవాళ్లకు అసలుది కట్టించాలి అనుకున్నాను. అసలుది అనే మాట పట్టుకునే నేను చెడింది.

ఇత్తడి రేకు మద్రాసులో కొన్నాను. మా ఊరి నుంచి మద్రాసు ఎనభై కిలోమీటర్ల దూరం, పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి పని చూసుకుని రావచ్చు. ప్యారిస్ కార్నర్ వెనక వీధుల్లో రేకు, రంగు రాళ్లు, జరీ పట్టీ, ఎర్ర వెల్వెట్ గుడ్డ కొన్నాను. చేతిలో డబ్బు చాలలేదు. మా ఆవిడ కమ్మలు తాకట్టు పెట్టాను. ఆమె చెవుల నుంచి తీసి ఇస్తూ, “దేవుడి పనే కదా” అంది. వెల్వెట్ మీద చమ్కీలు కుట్టింది కూడా ఆమే. పదకొండు రాత్రులు. చూసినవాళ్లు ఎవరు కుట్టారని అడిగితే, నేనేనని చెప్పుకున్నాను.

ఆ రాత్రి కొలువు ఘట్టం. ఇద్దరు తెర పట్టుకున్నారు, మద్దెల మోగింది, తెర దించారు. ట్యూబులైట్ల కింద ఇత్తడి మెరిసేసరికి జనం ఈలలు వేశారు. నేను ముందు వరసలో చాప మీద కూర్చున్నాను. మామ గిరికీలు కొడుతూ రంగస్థలం చుట్టి వచ్చాడు. వీధి నాటకంలో దుర్యోధనుడు కూర్చోడు. పద్యం పాడాలి, దరువుకు అడుగు వేయాలి, తిరగాలి, ఎగరాలి, తెల్లవార్లూ. అప్పటికి ఆయనకు యాభై దాటాయి.

రాత్రి ఒంటిగంట దాటాక ఆయన నుదుటి మీద కుడివైపు నుంచి ఎర్రగా సన్నని గీత కిందికి దిగింది. చెమటకు తిలకం కారుతోందని అనుకున్నాను. రంగు సరిగ్గా వేసుకోలేదే అని విసుక్కున్నాను కూడా. అంతకు మించి ఆలోచించలేదు. నా చూపంతా కిరీటం మీద, దాని మీద పడే వెలుగు మీద. కిరీటం కింద ఒక మనిషి ఉన్నాడన్న సంగతి నాకు పట్టలేదు.

కాసేపటికి ఆయన తెర వెనక్కి పోయాడు. తిరిగి వచ్చేటప్పటికి తల మీద కిరీటం లేదు. ఎర్ర తువ్వాలు పాగా చుట్టి, దాని మీద పాత కొయ్య పతకం ఒకటి దోపుకున్నాడు. జనంలో ఒక్కరూ ‘కిరీటం ఏదీ’ అనలేదు. మామ గొంతు పైకి లేచింది, అడుగు తేలికపడింది. నిండు సభలోకి ద్రౌపదిని ఈడ్చుకురమ్మని ఆయన అరిచినప్పుడు నా వెనక కూర్చున్న ముసలమ్మ మట్టి తీసి ఆయన మీదికి విసిరింది. ఆమెకు అక్కడ దుర్యోధనుడు కనబడ్డాడు, తువ్వాలు కనబడలేదు.

నాకు మాత్రం తువ్వాలే కనబడింది. అవమానం జరిగిందనుకుని లేచి ఇంటికి వచ్చేశాను. ఊరంతా ఏడ్చిన ఆ ఘట్టాన్ని వదిలేసి ఇంటికి వచ్చి అలిగి పడుకున్నాను.

తెల్లవారి పోయి అడిగాను, “కిరీటం ఎందుకు తీసేశావు మామా?” అని. మంచం మీద మెడ తిప్పలేక పడుకుని ఉన్నాడు. “కొత్తది గదా అల్లుడూ, ఇంకా అలవాటు గాలేదులే. బో బాగుంది పనితనం,” అన్నాడు. అత్త పసుపు గిన్నె పట్టుకుని వచ్చి ఆయన నుదుటి మీది గుడ్డ తీసింది. ఇత్తడి అంచు కోసిన గాటు, వేలు పొడుగు ఉంది. “పనితనం నువ్వు మోస్తావా నాయనా?” అని మాత్రం అంది. నన్ను తిట్టలేదు. నేను తల వంచుకుని వచ్చేశాను. క్షమించమని అడగలేదు.

అంతకు ముందు చలికాలంలో చేసిన పని కూడా ఈ కోవలోదే.

తపసు రోజున శివుడు కిరాతుడి వేషంలో వస్తాడు. తల మీద ఈకల కుళ్లాయి ఉండాలి. అందరూ నెమలి ఈకలు పెడతారు, నేను గులాబీ రంగు పెట్టాలనుకున్నాను. మా పులికాట్ సరస్సు, పెద్దవాళ్ల నోట ప్రళయకావేరి, చలికాలం వచ్చేసరికి ఫ్లెమింగోలతో నిండుతుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. రోడ్డు మీద నిలబడితే దూరంగా నీళ్ల మీద తెల్లటి గీతలా కనబడతాయి. రెక్క విప్పితేనే ఆ గులాబీ. మోకాటి లోతు నీళ్లు, కింద బురద. రాలిన ఈకల కోసం నేను ఆ బురదలో దిగి మేత మీదున్న గుంపు వైపు నడిచాను. అవి తల కిందులుగా నీళ్లలో పెట్టి, కాళ్లతో బురద కలుపుతూ, ముక్కుతో వడగట్టి తింటాయి. నేను దగ్గరికి పోయేకొద్దీ తలలెత్తాయి, నడిచాయి, పరుగెత్తాయి, వందల పక్షులు ఒకేసారి లేచిపోయాయి. ఈకలు ఏరుకోవడానికి నాలుగు ఉదయాలు అట్లా పోయాను.

అక్కడికి దగ్గర్లో చేత్తో తడిమి రొయ్యలు పట్టే యానాది పెద్దాయన నాలుగో రోజు నన్ను పిలిచాడు. “మేత మీదుండే పిట్టను లేపగూడదు నాయనా. నువ్వు కూడు తింటా ఉంటే రోజూ ఎవురన్నా వచ్చి లేపితే ఎట్టుంటది?” అన్నాడు. నాకు జవాబు లేదు. ఈకల మూట మాత్రం వదల్లేదు.

తెచ్చి మిద్దె మీద ఎండలో ఆరేసి, అంగడిలో కిటికీ దగ్గర తగిలించాను. ఎండాకాలానికి సగానికి పైగా తెల్లబడిపోయాయి. ఆ పక్షికి పుట్టుకతో గులాబీ రంగు రాదని, ఉప్పునీటి నాచు, చిన్న రొయ్యల్లాంటి పురుగులు తినడం వల్ల వాటిలోని రంగు ఈకల్లోకి చేరుతుందని, పిల్ల బూడిద రంగులో ఉంటుందని, రాలిన ఈక ఎండకు రంగు వదిలేస్తుందని తర్వాత చదివాను. రంగు మేతలో ఉంది. నేను ఆ మేతనే చెడగొట్టి రంగు కోసం వెతికాను. చివరికి తెల్లబడ్డ ఈకలకు బజారు రంగు అద్ది కుళ్లాయి కుట్టాను. కోడి ఈకలకు అద్దినా అట్లాగే ఉండేది.

ఇక ఆ ఎర్ర వెల్వెట్. ఏప్రిల్, మే నెలల్లో మా సరస్సు గట్టున రాత్రిపూట కూడా ఒళ్లు జిగటగా ఉంటుంది. ఆ ఉక్కలో మందపాటి వెల్వెట్ అంగీ తొడిగి మనిషిని ఎగరమన్నాను. పులికాట్ అనేదే ఒకప్పుడు బట్ట పేరు. డచ్చివాళ్లు 1613లో ఇక్కడ గెల్డ్రియా కోట కట్టుకుని దేశదేశాలకు పంపింది ఈ తీరపు నూలు బట్టే. ఇక్కడి గళ్ల రుమాళ్లకు సముద్రం అవతల మా సరస్సు పేరే ఉండేది. ఇటు పక్కన వెంకటగిరిలో ఇప్పటికీ గాలి ఆడే సన్న నూలు నేస్తారు. ఇంత బట్ట చుట్టూ పెట్టుకుని నేను మద్రాసు పోయి, తెర మీద మెరిసింది కదా అని, వెల్వెట్ తెచ్చాను. మామ అంగీ విప్పినప్పుడు వీపంతా చెమటకాయలు లేచి ఉన్నాయని అత్త తర్వాత ఎప్పుడో చెప్పింది.

ఇత్తడి కూడా నిలవలేదు. ఉప్పుగాలికి ఒక్క వానాకాలంలోనే నల్లబడి, అతుకుల దగ్గర పచ్చగా చిలుము పట్టింది. పాత కొయ్య కిరీటానికి ఏటేటా బంగారు కాగితం మారుస్తారు, అది కొత్తగానే ఉంటుంది.

మరో రెండేళ్లకు మద్రాసులో, వడపళని దగ్గర సినిమాలకు డ్రస్సులు అద్దెకిచ్చే ఒక చోటికి పోయాను. అక్కడ పనిచేసే ముసలాయన నేను అడిగిన కిరీటం నా చేతిలో పెట్టాడు. చేయి దానంతట అదే పైకి లేచింది, అంత తేలిక. అట్ట, దాని మీద గుడ్డ, గుడ్డ మీద రాళ్లు, లోపల తల చుట్టూ మెత్త. “షాటుకు షాటుకు మధ్య తీసి పక్కన పెట్టేవాళ్లకే ఇంత తేలిగ్గా చేస్తాం,” అన్నాడు. మా మామకు షాటు లేదు, కట్ లేదు, తెల్లవార్లూ తీసే వీలు లేదు. కూచిపూడి వాళ్లు నగలకు బూరుగు కొయ్య వాడేది ఎందుకో, మా పెద్దలు కాగితం అతికించిన కొయ్యతో సరిపెట్టుకున్నది ఎందుకో ఆ రోజు చేతికి తెలిసింది. పేదరికం వల్ల అనుకున్నాను నేను. వాళ్లు వేషగాడి మెడ చూసి చేశారు.

అప్పటి నుంచి ఏ నగ చేసినా ముందు తూచి చూస్తాను. తలకట్టు ఏదైనా నేనే ఒక రాత్రి పెట్టుకుని మిషను మీద పనిచేస్తాను. ‘పుష్ప 2’ వచ్చాక గంగమ్మ జాతర వేషం కావాలని కుర్రాళ్లు చాలామంది అంగడికి వచ్చారు. ఒక అబ్బాయి నూరు నిమ్మకాయల దండ వేసుకుని కాలేజీ స్టేజీ మీద ఆడతానన్నాడు. నూరు కాయలు తెప్పించి కాటాలో పెట్టి చూపించాను, నాలుగు కిలోల పైన తూగాయి. స్పాంజితో చేసి రంగు వేసి ఇచ్చాను. తిరుపతి జాతరకు ఒకసారి పోయి చూసి రమ్మని కూడా చెప్పాను. అక్కడ మొక్కున్నవాడు బైరాగి వేషానికి ఒంటికి తెల్లటి సుద్ద పూసుకుని బయల్దేరతాడు. అంతకంటే ఖర్చు లేదు. ఎదురైనవాళ్లు దణ్ణం పెడతారు. సినిమా ఆ వీధి నుంచే తీసుకుంది. నేను చిన్నప్పుడు ఎవరి నుంచి ఎవరు తీసుకున్నారో తలకిందులుగా అనుకున్నాను.

కమ్మలు విడిపించడానికి మూడేళ్లు పట్టింది. చమ్కీలు కుట్టింది మా ఆవిడని ఇప్పుడు అడగకపోయినా అందరికీ చెబుతున్నాను.

మామ తొమ్మిదేళ్ల కిందట వేషం మానేశాడు, మోకాళ్లు సహకరించక. పోయిన ఏడాది నేను ఆయన ఇంటికి పోయి, అరుగు మీద కూర్చుని, ఆ రాత్రి తిలకం అనుకున్న సంగతి, అలిగి లేచి వచ్చేసిన సంగతి మొత్తం చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “మావాడికి ఒకటి చేసిపెట్టు,” అన్నాడు.

ఆయన కొడుకు ఈసారి దుర్యోధనుడి వేషం కట్టాడు. బూరుగు కొయ్య కిరీటం, బంగారు కాగితం, అంచు లోపల వెంకటగిరి నూలు గుడ్డ మడిచి కుట్టాను. నాలుగు వందల పది గ్రాములు. తెల్లవారి తెర వెనక నేనే దాన్ని తీశాను. అతని నుదుటి మీద చెమట తప్ప ఏమీ లేదు.