గోడపత్రిక గ్రూపులో పడ్డారా? చెమట పట్టకుండా గట్టెక్కండి

పిట్లం పిల్లలూ, మీ తెలుగు సారు మిమ్మల్ని గోడపత్రిక గ్రూపులో వేశారా? భయపడకండి. సారు బోర్డు మీద నాలుగు మాటలు రాస్తారు: వార్త మీరే వెతకాలి, మనుషుల్ని కలవాలి, రాసింది సరిచూసుకోవాలి, శనివారానికల్లా ఇచ్చేయాలి. ఈ నాలుగింట్లో ఒక్కటీ చేయకుండా ఐదుకు ఐదు మార్కులు తెచ్చుకునే దారి ఉంది. నేను ఏడులో తెచ్చుకున్నాను, ఎనిమిదిలోనూ తెచ్చుకున్నాను. మీరు ఎండలో నోటుబుక్కు పట్టుకొని తిరుగుతుంటే చూడలేక చెబుతున్నాను.

1. ముందు లెక్క చూసుకోండి. ఎఫ్‌ఏకి 20 మార్కులు, అందులో ప్రాజెక్టు పనికి 5. గ్రూపులో ఆరుగురుంటే ఆరుగురికీ దాదాపు అదే మార్కు పడుతుంది. కాబట్టి ముత్యాల్లాంటి అక్షరాలు రాసే అమ్మాయి ఏ గ్రూపులో ఉందో కనుక్కుని అందులో చేరండి. "నీ రాత మంచిగుంటది, మాది కోడి కెలికినట్టుంటది" అనండి. ఆ మాట విన్నాక ఆ పిల్ల కాదనదు. సంపాదకుడి పదవి మాత్రం మీరే తీసుకోండి. సంపాదకుడు రాయనక్కర్లేదు, చేతులు వెనక్కి కట్టుకొని చూస్తే చాలు.

2. మొదటి వారమంతా పత్రిక పేరుకే వాడండి. మంజీర మన నది కాబట్టి మొదటి మాట మీద గొడవ రాదు. మంజీర వాణా, మంజీర కిరణమా, మంజీర తరంగమా అని రెండో మాట దగ్గర గొడవ పెట్టుకోండి. తర్వాత రంగులు, అంచుకు చమ్కీలు. డ్రాయింగు షీటులో సగం పేరుకు, పావు వంతు బొమ్మకు పోవాలి. మిగిలిన పావులో వార్త ఎంతని పడుతుంది?

3. వార్త కోసం ఊళ్లోకి పోకండి. బస్టాండు దగ్గర ఛాయ్ హోటల్లో పొద్దున వచ్చిన పేపరు మధ్యాహ్నానికి మిర్చి బజ్జీలు కట్టడానికే పనికొస్తుంది. అడిగితే ఇస్తారు. జిల్లా పేజీలో "పిట్లం" అని మొదలయ్యే వార్త పట్టుకోండి. "నిర్వహించారు" అని ఉంటే "జరిపారు" అని మార్చండి. కింద మీ పేరు రాయండి. ఇక ఆ వార్త మీదే.

వానాకాలమైతే ఇంకా సుఖం. "నిజాంసాగర్‌కు జలకళ" అన్న శీర్షిక ఒక్కసారి అందంగా రాసి దాచుకుంటే మూడేళ్లు నడుస్తుంది. పూర్తి మట్టం 1405 అడుగులు, నిండితే 17.8 టీఎంసీలు. ఈ అంకెలు ఏటా మారవు. ఇవాళ ఎంత నీరుందన్నది రోజూ మారుతుంది కాబట్టి దాన్ని వదిలేయండి. కట్టిన కొత్తలో దాదాపు 30 టీఎంసీలు పట్టేదని, పూడిక చేరి తగ్గిపోయిందని ఏ తాతయినా చెప్పబోతే అక్కడి నుంచి లేచిపోండి. విన్నారంటే, పూడిక ఎక్కడి నుంచి వచ్చిందని అడగాలి, కాలువ చివరి పొలం దాకా నడవాలి, అక్కడి రైతు ఏమంటాడో రాసుకోవాలి. ఒక ముచ్చట వెనుక పది ముచ్చట్లు పడి వస్తాయి. ప్రాజెక్టు ఎవరు కట్టారో రాయాల్సి వస్తే విశ్వేశ్వరయ్య అని రాయండి. 1923 నుంచి 1931 వరకు సాగిన ఆ కట్టడం వెనుక ఉన్న ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. అంత పేరు రాస్తే ఒక లైను మొత్తం పోతుంది. విశ్వేశ్వరయ్య అంటే అడ్డు చెప్పేవాళ్లుండరు.

4. ఇంటర్వ్యూకి ప్రశ్నలూ జవాబులూ వేపచెట్టు కింద కూర్చొని మీరే రాసుకోండి. "పేరు చెప్పడానికి ఇష్టపడని ఒక పెద్దమనిషి" అని మొదలుపెట్టండి. ఆ పెద్దమనిషి ఎప్పుడూ ఒకటే చెబుతాడు: విద్యార్థులు బాగా చదువుకొని ఉన్నత శిఖరాలు అధిరోహించాలి. ఆయన ఎవరని సారు గుచ్చి అడిగితే, "మద్నూరు దిక్కు నుంచి వచ్చిండు సార్, మరాఠీల మాట్లాడిండు, మాకు సగమే సమజైంది" అనండి. మద్నూరు దాకా పోయి ఎవరూ అడగరు.

నిజంగా కలవదగ్గ మనిషి ఒక్కరే, మధ్యాహ్న భోజనం వండే అక్క. గుడ్డు పెట్టే రోజు చూసి వెళ్లండి. "రుచికరమైన భోజనం" అని రాసి చదివి వినిపిస్తే ఇంకో గుడ్డు పడొచ్చు. ఆమె బిల్లుల సంగతి ఎత్తబోతే పెన్ను మూసి జేబులో పెట్టుకోండి. గుడ్డు తినేటప్పుడు రాయడం కుదరదు కూడా.

5. వార్తలో ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అని ఆరు ఉండాలంటారు. మొదటి నాలుగూ పేపర్లో దొరుకుతాయి. చివరి రెండింటి జోలికి పోకండి.

6. సారు పెద్దవాళ్ల సంగతులు చెబుతారు. సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక పెట్టారని, తెలంగాణలో కవులే లేరని ఎవరో అన్నందుకు 354 మంది కవుల్ని పోగుచేసి 1934లో సంచిక వేశారని. తల ఊపుతూ వినండి. మనకు 354 మంది అక్కర్లేదు, నలుగురు చాలు, ఆ నలుగురూ మన బెంచీలోనే ఉన్నారు. "ప్రశ్నించడం నేర్చుకోండి" అని సారు మరీ గట్టిగా అంటే, లేచి షోయబుల్లాఖాన్ పేరు ఎత్తండి. ఇమ్రోజ్ పత్రిక నడిపిన ఆయనను 1948 ఆగస్టులో హైదరాబాదులో రజాకార్లు చంపారు, రాసే చేతిని నరికారు. "అట్ల రాయమంటరా సార్?" అని అడగండి. సారు కాసేపు మాట్లాడలేరు. ఆలోగా బెల్లు కొడతారు.

7. శనివారానికి సాకు శుక్రవారమే సిద్ధం చేసుకోండి. గమ్ము ఎండిపోయింది, కరెంటు పోయింది, బాన్సువాడ బస్సు రాలేదు, షీటును మేక నమిలింది. నలుగురూ నాలుగు చెప్పకండి, ఒక్కటే అనుకొని చెప్పండి. తాత పోయాడని మాత్రం ఎవరూ అనకండి. సాయంత్రానికి ఆ తాతే బస్టాండు దగ్గర సారుకు ఎదురై నమస్తే పెడతాడు.

8. తప్పులు దిద్దకండి. ఎర్ర పెన్ను సారు దగ్గరుంది.

9. అతికించే చోటు అన్నిటికంటే ముఖ్యం. పొడుగు పిల్లవాణ్ణి బల్ల ఎక్కించి, ఎవరి కళ్లకూ అందనంత ఎత్తులో, వాన జల్లు కొట్టే వైపు అతికించండి. రెండు వానలకు రంగులు కారిపోతాయి, విశ్వేశ్వరయ్య కూడా కారిపోతాడు. చదివినవాళ్లు లేరు కాబట్టి తప్పు పట్టేవాళ్లూ ఉండరు. ఇట్లా నాలుగు సంచికలు వేస్తే సారు గోడపత్రిక మాటే ఎత్తరు. మీ తర్వాత వచ్చే పిల్లలకు కూడా ఆ బాధ తప్పుతుంది.

ఒక్కటే జాగ్రత్త. గోడ పక్కన నల్లా ఉండి, అది చాలా రోజులుగా రావట్లేదనుకోండి. ఆరో తరగతి పిల్ల ఎవరో వచ్చి, "అన్నా, ఇది రాద్దామా?" అంటుంది. రాయనివ్వకండి. రాస్తే హెడ్‌మాస్టరు చదువుతారు, మాట పంచాయతీ దాకా పోతుంది, బాగుచేసే మనిషి వస్తాడు, నల్లాలో నీళ్లు వస్తాయి. అంతటితో ఆగదు. రేపటి నుంచి బడిలో ప్రతి ఒక్కరూ మీ దగ్గరికే వార్త తెస్తారు. ఆ పిల్లకు స్కెచ్ పెన్నులిచ్చి అంచు గీయమని కూర్చోబెట్టండి. నీళ్లు ఇంటి నుంచి సీసాలో తెచ్చుకోండి. ఎండాకాలానికి రెండు లీటర్ల సీసా కొనుక్కోండి.