సైబీరియా చుట్టాలు

ఎవరైనా నాకు తెలియని సంగతి అడిగితే తెలియదని చెప్పడం నాకు చేతకాదు. ఈ జబ్బు పక్షుల దగ్గర బాగా ముదిరింది.

మాది మంగళగిరి. చలికాలంలో చుట్టాలొస్తే నేను తిప్పే చోట్లు మారవు. కొండెక్కి పానకాలస్వామి దర్శనం, దిగాక చేనేత చీరల కొట్లు, ఆపైన గుంటూరు వైపు బండి తిప్పి ఉప్పలపాడు పక్షుల చెరువు. దారిలో కల్లాల నిండా ఎర్రగా ఆరబోసిన మిరపకాయల ఘాటు. చెరువు గట్టు మీద ఇంకో రకం ఘాటు. తుమ్మచెట్ల నిండా గూళ్ళు, కొమ్మల నిండా తెల్లటి రెట్ట. చుట్టాలు ముక్కు మూసుకునేవాళ్ళు. నేను నోరు తెరిచేవాణ్ణి.

"ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చినవే. హిమాలయాలు దాటి, దారిలో ఎక్కడా దిగకుండా..." అని మొదలెట్టేవాణ్ణి. గూడబాతుల ముక్కు కింద సంచి ఎందుకని ఒక మేనల్లుడు అడిగితే, దారి ఖర్చులకి చేపలు దాచుకుంటాయని చెప్పాను. మెడలో బైనాక్యులర్స్ వేలాడుతుంటే ఏం చెప్పినా నమ్ముతారు.

ఒకసారి మా బావమరిది కుటుంబానికి ఇదే పాఠం చెబుతున్నాను. గట్టు మీద గేదెల్ని తోలుకుపోతున్న పెద్దావిడ ఆగి విన్నది.

"ఏంది బాబూ, ఇయ్యి ఆడెక్కడి నుంచో వచ్చినయ్యా?"

"అవునమ్మా, అక్కడి చలికి తట్టుకోలేక."

"మరి పిల్లల్ని ఈడ పెడుతున్నయ్యేంది? కాన్పుకి పుట్టింటికి పోతారు గానీ చుట్టాలింటికి పోతారా?"

బావమరిదికి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. నేను తగ్గుతానా? "వీటికి అదీ పుట్టిల్లే, ఇదీ పుట్టిల్లేనమ్మా" అన్నాను. ఆవిడ నన్నొకసారి ఎగాదిగా చూసి, గేదెని అదిలించుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ రాత్రి పుస్తకాలు తిరగేస్తే ఆవిడ మాటే శాస్త్రమని తేలింది. ఉత్తర దేశాల నుంచి నిజంగా వలస వచ్చే పక్షులు గుడ్లు పెట్టుకునేది వాటి ఎండాకాలంలో, వాటి నేల మీదే. మన దగ్గరికి వచ్చేది చలి తప్పించుకుని కడుపు నింపుకోవడానికి. ఇక్కడ గూడు కట్టి పిల్లల్ని పెంచుతోందంటే అది మన పక్షే. ఉప్పలపాడు గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ ఈ దేశంవే. మేతనీ నీళ్ళనీ బట్టి ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి మారతాయి, అంతే. తాడేపల్లిగూడెం దగ్గర ఆరేడులో గూడబాతులు గూళ్ళు కట్టుకుంటున్న సంగతి కె.కె. నీలకంఠన్ 1949లోనే రాశారు. నేను సైబీరియా పౌరసత్వం ఇచ్చినవి తాతల నాటి నుంచీ మన జిల్లాల్లో కాపురం ఉంటున్నవి.

అంతటితో అయితే సరిపోయేది. ఆ పుస్తకాల్లోనే ఒక బొమ్మ కనిపించింది. బురదలో తోక ఆడిస్తూ పురుగులేరుకునే గోధుమరంగు ఉల్లంకి పిట్ట. బరువు 60 గ్రాములు, అటూ ఇటూగా. గుడ్లు పెట్టేది స్కాండినేవియా నుంచి సైబీరియా దాకా ఉన్న చిత్తడి నేలల్లో. చలికాలానికి మన వరిమళ్ళకీ చెరువు అంచులకీ దిగుతుంది. ఆ పిట్ట నాకు బాగా తెలుసు. మేనల్లుడు దాన్ని చూపించి "ఇదేంటి మామయ్యా?" అంటే, "అది మన ఊరిదేలేరా, అటు పెద్దవాటిని చూడు" అని వాడి తల తిప్పింది నేనే. సొంతవాళ్ళని పరాయివాళ్ళు చేశాను. అంత దూరం నుంచి వచ్చిన చుట్టానికి మాత్రం మంచినీళ్ళయినా ఇవ్వలేదు.

బుద్ధి వచ్చిందనుకున్నాను. తర్వాతి చలికాలం చుట్టాల్ని గట్టు మీద కూర్చోబెట్టి, బైనాక్యులర్స్ చేతికిచ్చి, బురద వైపు చూపించాను. "అదుగో, అసలు సైబీరియా పక్షి." అందరూ వంతులవారీగా చూశారు. "ఇదా?" అన్నది మా పిన్ని. ఆ "ఇదా"లో ప్రయాణ ఖర్చులు, ఎండ, రెట్ట వాసన అన్నీ ఉన్నాయి. ఇంతలో ఒక గూడబాతు రెక్కలు బారచాపి చెట్ల మీదుగా దిగింది. పిన్ని మొహం వెలిగిపోయింది. "అబ్బ! అదిరా సైబీరియా అంటే!"

అబద్ధం మొదలుపెట్టింది నేనే కాబట్టి దిద్దాల్సింది కూడా నేనే. కానీ చెప్పొద్దూ, ఆవిడ సంతోషం చూసేసరికి పాత జబ్బు తిరగబెట్టింది. "అవును పిన్నీ" అన్నాను. "హిమాలయాలు దాటి వచ్చింది."