పత్తాల కంపెనీ, ప్లంబర్ మారియో

కొత్త గేమ్ డబ్బ ఏదన్న మార్కెట్ల దిగంగనే దాన్ని తూచి చెప్పేటోళ్లు టోక్యోలనో న్యూయార్కులనో ఉంటరు. వాళ్ల తరాజు వేరు. నింటెండో స్విచ్ 2 తెర 7.9 అంగుళాలనిరి, బొమ్మ సెకండుకు 120 సార్లు మారుతదనిరి. మంచిగనే ఉన్నది. గని రాత్రి ఏడు గొట్టంగ సీరియల్ మొదలైతే రిమోట్ ఎవరి చేతుల ఉంటదో ఒక్కడన్న రాయలే. అందుకే వేములవాడ తరఫున ఇంకొక తూకం.

ముందుగాల కంపెనీ జాతకం. 1889ల జపాన్ దేశం క్యోటోల పత్తాలు తయారు చేసుకుంట మొదలైంది. మా దిక్కు మామిడితోటల పత్తాలాడితే పోలీసులు పట్టుకపోయి తెల్లారి పేపర్ల ఫోటో ఏయిస్తరు. ఆడ పత్తాలు చేసినోళ్లు లోకానికంత ఆట నేర్పిన్రు. వాళ్ల హీరో మారియో ప్లంబర్. ప్లంబర్ పని వచ్చినోడు సిరిసిల్ల జిల్లాల ఎంతమంది ఊర్ల నిలిచిన్రు? వీసా వచ్చుడే ఆలస్యం, ఇమానమెక్కుతరు. మారియో ఒక్కడే నలభై ఏండ్ల సంది పైపుల దిగి పైపుల తేలుతున్నడు, ఏజెంటుకు రూపాయి కట్టకుండ.

2025 జూన్ 5న అమ్ముడు షురువైన ఈ డబ్బ నాలుగు దినాలల్ల 35 లక్షలకు పైగ పోయింది. దాన్ని అమ్మిన దేశాల లిస్టుల మనది లేదు. అయినా మనకు రాదని ఎవరన్నరు? కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్లకు లోకంలున్న వస్తువేదైన వచ్చే తొవ్వ ఒకటున్నది. చందుర్తి దిక్కు ఒక ఇంట్ల దుబాయ్ అట్టడబ్బ ఇప్పుతున్నరు. అడ్డం నిలువు నైలాన్ తాడు, పైన మార్కర్‌తోని పేరు, ఊరు, ఫోన్ నంబర్. కంబళి, ట్యాంగ్ పొడి, సెంటు సీసాలు, బాదాములు, నొప్పుల బాము. కంబళి మడతల నడుమ స్విచ్ 2. బాపమ్మ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"ఫోనా కొడుకా?"

"కాదే బాపమ్మా."

"టీవీనా?"

"టీవీకి గూడ పెట్టొచ్చు."

"మరి ఎంత పెట్టిన్రు?"

పోరడు చెప్పలే. మార్కెట్ల దిగిన్నాడు అమెరికాల దాని ధర 449.99 డాలర్లు, అప్పటి మన లెక్కల దగ్గరదగ్గర 39 వేలు. గల్ఫుల కూలి పని చేసేటోనికి నెల జీతం దాటుతది. ఆ లెక్క బాపమ్మకు తెలిసిన్నాడు ఇంట్ల కంబళి ఒక్కటే మిగులుతది.

ఇగ సుగుణాలు. మొదటిది, అన్నిటికన్న పెద్దది: టీవీ ముట్టకుండ చేతులనే ఆడొచ్చు. సీరియల్ నడిచినంతసేపు ఇల్లు చల్లగ ఉంటది. రెండోది, గాలిదుమారానికి కరెంటు పోతె గూడ నడుస్తది, రెండు గంటల నుంచి ఆరున్నర గంటల దాక అని కంపెనీయే చెప్పింది. మూడోది సీ బటన్. అది ఒత్తితె ఆడుకుంటనే 12 మంది దాక మాట్లాడుకోవచ్చట. 2026 మార్చి 31 దాక ఉత్తగనే, ఆ తర్వాత చందా. ముచ్చటకు చందా! గల్ఫుకు పోయినోని సంసారం దినాం ఇమో యాప్‌ల నడుస్తది. పెండ్లాం ఫోన్‌ను ఉప్పు డబ్బకు ఆనిచ్చి కూర కలుపుకుంట గంటసేపు మాట్లాడుతది. ఆమెను సీ బటన్ ఒత్తుమని చెప్పేటోడు జపాన్‌ల ఇంక పుట్టలే.

దోషాలు జెర నిమ్మళంగ చెప్పుకోవాలె. ఫోన్లకెల్లి పీకిన పాత మెమరీ కార్డు దీంట్ల పనికిరాదు, కొత్త రకం ఎక్స్‌ప్రెస్ కార్డే కావాలె. అది చిన్న కర్సు. పెద్దది గేమ్ కీ కార్డు. డబ్బ ఉంటది, డబ్బల కార్డు ఉంటది, కార్డుల ఆట ఉండది. నెట్ల దింపుకోవాలె. దింపుకున్నంక గూడ కార్డు పెడితేనే ఆట షురువైతది. వేములవాడ రాజన్న గుడిల కోడె మొక్కు అందరికెరుకే. టికెట్ తీసుకుంటం, కోడెను పట్టుకొని గుడి చుట్టు తిరుగుతం, కట్టేస్తం, ఉత్త చేతులతోని బయటికొస్తం. మనదే కదా అని ఎవ్వడు ఇంటికి తోలుకపోడు. కొత్త ఆటల యాపారం అచ్చం గిదే. కాకపోతె రాజన్న కాడ మొక్కు తీరినట్టన్న ఉంటది.

కార్డు లేకుండ నెట్ల కొన్న ఆటను బదులియ్యాల్నంటె అదొక శాస్త్రం. నీ కుటుంబంల ఉన్నోనికే ఇయ్యాలె. కుటుంబమంటె కంపెనీ లెక్కల 8 మంది. మా దిక్కు తొట్టెల ఫంక్షన్ ఫోటో గూడ 8 మందికి ఆగదు. 14 దినాలు కాంగనే ఆట దానంతటదే వాపస్ పోతది. ఇచ్చిన బదులు గింత నిక్కచ్చిగ తిరిగొచ్చుడు ఈ జిల్లా చరిత్రల లేదు. ఆ సాఫ్ట్‌వేర్ ఒక్కటి మా చిట్టీలోళ్లకు అమ్ముకుంటె నింటెండోకు మారియోతోని పనేమున్నది?

నియమం తప్పితె నీ డబ్బను శాశ్వతంగ పనికిరాకుండ చేస్తమని గూడ 2025 మేల ఒప్పందంల రాసుకున్నరు. దొంగ కార్డులు పెట్టినోళ్ల డబ్బలను ఆన్‌లైన్‌కు రానియ్యకుండ ఆపిన్రు. ఆ నింటెండో వాళ్లు శివరాత్రి జాతరకు ఒక్కసారి రావాలె. గుడి బజార్ల రుద్రాక్షలు, గాజులు, ప్లాస్టిక్ జేసీబీల నడుమ 'సప్' అనే చేతిగేమ్ వేలాడుతది. ఐదొందల లోపు ధర, అట్ట మీద 400 ఆటలని రాత. మారియో ఉంటడు, కాంట్రా ఉంటది. నింటెండో 1983ల తెచ్చిన ఫ్యామికామ్ అనే డబ్బ కాలపు ఆటలే అవన్ని. వెనుక మూత తీస్తె పాత నోకియా ఫోన్ బ్యాటరీ, బీఎల్-5సీ. నెట్ అడుగది, అకౌంట్ అడుగది, మీ ఇంట్ల ఎంతమందని అసలే అడుగది. గ్యారంటీ సంగతా? దుకాణపాయన ఆన్ చేసి చూపెట్టి, "నడుస్తున్నదా? అయిపాయె" అంటడు. గంతే.

స్విచ్ 2కు గ్యారంటీ కాయితం ఉంటది, గని కొన్న దేశంలనే. పాత స్విచ్‌కు స్టిక్ జారే రోగం ఉండె, ముట్టకున్నా మారియో ఒక దిక్కు నడిచేది. దానికి మందని చెప్పుకునే అయస్కాంతం సెన్సర్ కొత్తదాంట్ల గూడ పెట్టలే. ఎందుకైన మంచిదని సెల్ పాయింట్ తమ్మున్ని ముందే అడిగిన.

"పార్టు హైదరాబాద్ జగదీశ్ మార్కెట్ల దొరుకుతదేమో చూస్త అన్నా, నెల పట్టొచ్చు," అన్నడు. కౌంటర్ సొరుగు గుంజి సప్ డబ్బ ఒకటి తీసిండు. "అంతదాక పిల్లగాడు ఊకుంటడా? గిది తీస్కపో. బ్యాటరీ మొన్ననే ఏసిన."